అగ్నివాతావరణ నమోదు: కోనసీమలో మధ్యాహ్నపు ఖాళీ

కోనసీమ ఇటీవలి చరిత్రలో అగ్ని అనగానే స్ఫురించేవి రెండు ఘటనలు. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావిలో ఎగసి 65 రోజులు ఆరని మంట ఒకటి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో సంభవించిన గ్యాస్ పైపులైను పేలుడు రెండవది. వీటికి ఆనాటి ఎండ గాని గాలి గాని కారణం కాదు. మంటల జాబితా వేరు, మంటలకు అనువైన వాతావరణపు నమోదు వేరు అన్న మౌలిక భేదం ఇక్కడే తేటతెల్లమవుతుంది.

ఉపగ్రహ సమాచారంపైనే ఆధారపడే అధ్యయనాలలో ఈ భేదం చెరిగిపోయే ప్రమాదం ఉంది. మోడిస్ పరికరం గుర్తించే ఉష్ణబిందువులు 2000 నుండి మాత్రమే లభ్యం. దాళ్వా కోతల అనంతరం వరికొయ్యలకు పెట్టిన నిప్పూ, సరుగుడు తోటలో దానంతటదే పాకిన చిచ్చూ అందులో ఒకే రకం చుక్కలు.

వాతావరణం నుండి గణించే సూచికలలో కెనడా అగ్నివాతావరణ సూచిక ప్రసిద్ధం. మధ్యాహ్నపు ఉష్ణోగ్రత, గాలిలోని తేమ, గాలి వేగం, గడచిన 24 గంటల వర్షపాతం దానికి ఆధారాలు. నిన్నటి విలువ నేటి లెక్కలో చేరుతుంది కనుక, ఒక్కరోజు వాన నమోదు కాకపోయినా ఆ దోషం వారాల తరబడి నిలుస్తుంది. పైన్ అడవుల అనుభవంతో రూపొందిన ఆ సూత్రాలు కొబ్బరి మట్టలకు, తాటాకు కప్పులకు ఎంతవరకు వర్తిస్తాయన్నది వేరే చర్చ. తప్పించుకోదగిన చర్చ మాత్రం కాదు.

అసలు చిక్కు వేళలో ఉంది. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. కోనసీమకు ఇరువైపులా నరసాపురం, కాకినాడలలో దాని పరిశీలన కేంద్రాలున్నాయి. సంప్రదాయ కేంద్రాల ప్రధాన పరిశీలన వేళలు ఉదయం 8:30, సాయంత్రం 5:30. కథంతా ఆ రెండింటి నడుమ నడుస్తుంది. వేసవిలో పడమటి పొడిగాలి వీచినంతసేపూ తాటాకు పెళపెళలాడుతుంది. సముద్రపు గాలి తిరగగానే తేమ పెరుగుతుంది. ఆ మలుపు పదకొండింటికి వచ్చిన రోజుకూ, మూడింటికి వచ్చిన రోజుకూ ప్రమాదంలో ఎంతో అంతరం. సాయంత్రపు అంకెలో మాత్రం రెండు రోజులూ ఒకేలా కనిపించవచ్చు.

పాత పరిశీలనలను నేటి నమూనాలతో జోడించి గణించిన పునర్విశ్లేషణ దత్తాంశాలు ఈ ఖాళీని పూరిస్తాయన్న వాదన ఉంది. యూరప్‌లో రూపొందిన ఈఆర్ఏ-5 1940 నుండి గంటగంటకూ విలువలనిస్తుంది. అది నిజమైన బలమే. అయితే దాని గడి వెడల్పు సుమారు 31 కిలోమీటర్లు. అంతర్వేది వంటి తీరప్రాంతపు గడిలో సముద్రమూ కలిసిపోతుంది. ఆ విలువను లోపలి కొత్తపేటకు అంటగట్టలేము. పైగా ఉపగ్రహ యుగానికి ముందు పరిశీలనలు తక్కువ. దశాబ్దాల మీద కనిపించే ధోరణిలో కొంత వాతావరణానిది కాక, పరిశీలనా వ్యవస్థలో వచ్చిన మార్పుది కావచ్చు.

కనుక 1940 అన్న ప్రారంభ సంవత్సరాన్ని చూసి ఆ శ్రేణిని నమ్మదగిన దీర్ఘకాలిక నమోదుగా స్వీకరించడం తొందరపాటు. కేంద్రం ఎప్పుడు స్థలం మారింది, అనిమోమీటరు చుట్టూ ఎప్పుడు మేడలు లేచాయి, పరికరం ఎప్పుడు మార్చారు అన్న వివరాలను ముందుగా రాతపుస్తకాల నుండి అంకెలతోపాటు వెలికితీయాలి. ఆపైన స్వయంచాలిత కేంద్రాల మధ్యాహ్నపు విలువలతో గడి విలువలను పోల్చి, అమలాపురం, రాజోలు, కొత్తపేటలకు దోషాన్ని విడివిడిగా కొలవాలి. మూడింటికీ ఒకే సవరణ సరిపోదు.