దాడిచేయువారి పేళ్లు: రజాకారు శబ్దముపై ఒక విచారము

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకును, దానిని ఆనుకొనియున్న అశోక్‌నగరు వీథులకును పోటీపరీక్షలకై నిత్యము వందలకొలది విద్యార్థులు వచ్చుచుందురు. వారు కంఠస్థము చేయు విషయములలో ఒకటి, రజాకారనగా స్వచ్ఛంద సేవకుడని. వ్యుత్పత్తి దృష్టితో ఇది నిర్దుష్టమే. అరబ్బీ 'రజా' శబ్దమునకు సమ్మతి యనియు, పారసీక 'కార్' అనుదానికి చేయువాడనియు అర్థములు. ఐనను ఒక తెలుగు మాటకు అర్థము చెప్పవలసి వచ్చినపుడు ఈ వివరణము చాలదని మా యభిప్రాయము. చాలకపోవుటయే గాదు, దారి తప్పించును కూడ.

ఈ దళము 1938లో బహదూర్ యార్ జంగ్ కాలమున మజ్లిస్ ఇత్తెహాదుల్ ముసల్మీన్ సంస్థకు అనుబంధముగ పుట్టినది. 1946 అనంతరము ఖాసిం రజ్వీ నాయకత్వమున బలిసి, 1948 సెప్టెంబరున భారతసైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించువరకు పల్లెలను పీడించినది. తెలంగాణ గ్రామవాసి ఈ పదమును నిఘంటువు వలన నేర్వలేదు. తన గడపయొద్ద నేర్చెను. పెట్టుకొన్నవారు సేవకుడను అర్థమున పెట్టుకొన్న పేరు, పడినవారి నోట హింసకునకు పేరైనది. శబ్దము మారలేదు, అక్షరము మారలేదు, వక్త మారెను.

ఉర్దూ రానివారు అపార్థము చేసికొనిరని చెప్పుటకును వీలులేదు. 'ఇమ్రోజ్' అను ఉర్దూ దినపత్రికకు సంపాదకుడైన షోయబుల్లాఖాన్‌కు ఈ పదార్థమును ఎవరును బోధింప నక్కరలేదు. ఆయన రజాకారులను తన పత్రికలో నిర్భయముగ ఖండించెను. అందులకు 1948 ఆగస్టున ఒకనాటి రాత్రి, నారాయణగూడకు చేరువనే, కాచిగూడ లింగంపల్లి ప్రాంతమున దుండగు లాయనను చంపిరి. కాబట్టి ఈ అర్థవిపర్యయము తెలుగునకును ఉర్దూకును గల పొరపొచ్చెమువలన కలిగినది కాదు. నేడు కొందరు ఈ మాటను ఒక మతమువారి కందరికిని, లేదా తమకు గిట్టని రాజకీయ పక్షమునకును అంటగట్టుచున్నారు. అట్టివారు షోయబుల్లాఖాన్‌ను మరచినవారే. వ్యుత్పత్తిని మాత్రమే వల్లించువారు ఒక కొసను, వీరు రెండవ కొసను పట్టుకొని లాగుచున్నారు.

వంగభాషలోను ఇదే శబ్దమున కిదే గతి పట్టినది. 1971లో తూర్పు పాకిస్తానమున సైన్యమునకు తోడ్పడిన రజాకారులవలన అచట ఆ పేరు ద్రోహివాచకమైనది. 2024 జులైలో ఢాకా విద్యార్థులు తమ్మీ పేరుతో నిందించిరను ఆగ్రహమున దానిని తామే వ్యంగ్యముగ పైన వేసికొని నినాదము చేసిరి. అచట అర్థమింకను కుదుట పడలేదని తోచుచున్నది. అంతకు పూర్వమే ఆ భాష ఇట్టి మార్పు నెరుగును. 1740ల దశకమున నాగపూరు భోంస్లేల సేనలు వంగదేశమును కొల్లగొట్టినవి. గుఱ్ఱమును ఆయుధమును ప్రభుత్వమే యీయగా కొలువుచేయు రౌతును మరాఠా సైన్యమున 'బార్గీరు' అందురు. అది జీతపు పట్టీలోని మాట. వంగమున అదే 'బర్గీ' యై పసిపాపలను జోకొట్టు పాటలలో బూచియైనది.

క్రియను బట్టి పుట్టిన మాటల తీరు వేరు. సంస్కృత 'ఆక్రమణ'మున నున్నది 'క్రమ్' ధాతువు, అడుగువేయుట. ఆంగ్లేయుల 'అగ్రెసర్' శబ్దమునకు మూలమైన లాటిను క్రియకును మీదికి అడుగువేయుటయే అర్థము. మన 'పైబడుట', జర్మనుల 'యూబర్‌ఫాల్', రష్యనుల 'నపదేనియె' మూడును మీద పడుటనే చెప్పుచున్నవి. ఒకరి నుండి ఒకరు అరువు తెచ్చుకొన్నవి గావివి; దెబ్బ తినువానికి ఎచటనైనను అట్లే కనబడును. వీనిలో తీర్పు లేదు. తీర్పు కావలసినపుడు 'దుర్' ఉపసర్గము చేర్చి 'దురాక్రమణ' యనుచున్నాము. 1962 చైనా యుద్ధకాలమున మన పత్రికలలో ఈ మాట మారుమ్రోగినది. 'దండయాత్ర' యందు మాత్రము తీర్పు తలక్రిందుగ నున్నది. దండమనగా సేనయు శిక్షయు. బయలుదేరిన రాజు శిక్షించుటకే పోవుచున్నట్లు ఆ మాట ముందుగనే ఒప్పించును. ఆ రాజు త్రొక్కిన చేనివాడు 'దాడి' యనును. సంస్కృత 'ధాటి'కి ఇది వికృతి. (ప్రకృతి మాత్రము బ్రతికిపోయినది, వక్తల ధాటిని మెచ్చుకొనుచునే యున్నాము.) 'ఆతతాయి' యనగా ఎక్కుపెట్టిన వింటివాడు. నిప్పుపెట్టువానిని, విషముపెట్టువానిని, పొలము హరించువానిని కూడ స్మృతికర్తలు ఆ పేర జేర్చిరి. అనగా విల్లు పోయి నేరము మిగిలినది. ఇన్నింటిని పర్యాయపదములని ఒక వరుసలో వ్రాయు అలవాటు మన పరిశోధకులకు తగదు. 'దండయాత్ర' 'దాడి' యని వ్రాసిన వెంటనే ఇద్దరు వేర్వేరు సాక్షుల మాటలను ఒకని నోట పెట్టినవారమగుచున్నాము.

జాతినామముల విషయము ఇంకను చిక్కైనది. మధ్యయుగ శాసనములలో 'తురుష్క', 'యవన' శబ్దములు శత్రువాచకములుగ కానవచ్చును. ఐనను అదేకాలమున విజయనగర ప్రభువులు 'సుల్తాను' శబ్దమును 'సురత్రాణ'గ సంస్కరించి, 'హిందూరాయసురత్రాణ' బిరుదమును తామే ధరించిరి. 'రాయవాచకము'న ఢిల్లీపాదుషా 'అశ్వపతి', గజపతికిని నరపతికిని సాటివాడు. శత్రువు పేరు ఎల్లప్పుడును దూషణయే యను సామాన్యసూత్రము ఇచట నిలువదు.

మన పేరు ఇతరుల నోట ఎట్లున్నదో కూడ చూడవలదా? వేంకటాద్రికి ఉత్తరమున నుండువారిని సంగకాలపు తమిళ కవులు 'వడుగ'రనిరి. ఆ పద్యములలో వారు కఱకు కుక్కలను వెంటబెట్టుకొని, విండ్లు పట్టి, తమిళులకు తెలియని భాష మాటాడువారు. అనంతర కాలమున తమిళదేశమున ఆ పేరు తెలుగువారికే నిలిచినది. మనకో, వడుగనగానే మెడలో క్రొత్తజందెము వేసికొన్న పసివాడు మనసున మెదలును.