'ఎడారిలో సెలయేర్లు': నక్కవాగు ఒడ్డున ఒక పునఃపఠనము

తెలుగు క్రైస్తవ గృహములలో బైబిలు, కీర్తనల పుస్తకము తరువాత తరచుగా కనబడు పుస్తకములలో 'ఎడారిలో సెలయేర్లు' ఒకటి. సంగారెడ్డి, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతములలో సంఘ కాపరత్వము చేయువారికి ఇది తెలిసిన సంగతియే. షిఫ్టులలో పనిచేయు విశ్వాసికి కుటుంబ ప్రార్థనకు స్థిరమైన వేళ ఉండదు. కంపెనీ బస్సు వచ్చులోగా ఒక పేజీ చదువుకొని, ఒక మాట మనసున పెట్టుకొని వెళ్లుటకు ఈ పుస్తకము అనువైనది. రోజుకొక వచనము, దాని క్రింద కొద్దిపాటి ధ్యానము, అక్కడక్కడ ఒక పద్యము. ఇంతకంటె పొడవైన గ్రంథమును మన సంఘములలో అనేకులు చేతపట్టరు. కనుక ఈ పుస్తకము మన ప్రజలకు ఎట్టి ప్రార్థన నేర్పుచున్నదో పరిశీలించవలసియున్నది.

దీని సంకలనకర్త లెటీ కౌమన్ (1870–1960). ఆమెయు ఆమె భర్త చార్లెస్ కౌమన్‌యు జపానులో మిషనరీలుగా సేవచేసిరి. గుండెజబ్బు వలన ఆయన అమెరికాకు తిరిగివచ్చి, కొన్ని సంవత్సరములు మంచము పట్టి 1924లో ప్రభునందు నిద్రించెను. ఆ మంచము ప్రక్కన ఆమెను నిలబెట్టిన మాటలను కూర్చగా 1925లో ఈ గ్రంథము వెలువడినది. ఇందులోని మాటలలో ఎక్కువ భాగము ఇతరులవి: స్పర్జన్, ఎఫ్. బి. మేయర్, ఎ. బి. సింప్సన్, చూపు కోల్పోయిన స్కాట్లాండు బోధకుడు జార్జి మాథెసన్ మొదలైనవారివి. పుస్తకము బలమంతయు ఈ పుట్టుకలోనే ఉన్నది. వైద్యులు చేయగలిగినది ఏమియు మిగలని గదిలో, ఎవరినీ నిందించుటకు వీలులేని బాధలో, దేవుని కొరకు ఎట్లు కనిపెట్టవలెనో ఇది నేర్పుచున్నది. డయాలసిస్‌కు వారమునకు మూడు మారులు వెళ్లు మా సంఘ సభ్యుడొకరు ఈ పుస్తకము లేకుండ ఆసుపత్రికి బయలుదేరరు. అది ఆయనకు చేయు మేలును మేము కన్నులార చూచుచున్నాము. దానిని తక్కువచేసి మాటలాడు విమర్శకుడు ముందుగా ఆ మంచము ప్రక్కన కూర్చుండవలెను.

చిక్కు వేరొకచోట ఉన్నది. జనవరి 1వ తేదీ పేజీని చూడుడి. ద్వితీయోపదేశకాండము 11:11-12 అక్కడి వాక్యభాగము. కొండలు, లోయలు గల దేశము, ఆకాశవర్షము త్రాగు నేల, దేవుడు లక్ష్యపెట్టు భూమి. ధ్యానములోనికి వచ్చుసరికి ఆ దేశము మనకు తెలియని క్రొత్త సంవత్సరమైనది. కొండలు, లోయలు జీవితములోని ఎత్తుపల్లములైనవి. ఈ విధమైన పఠనము తప్పని మేము చెప్పము. ఓరిగెను కాలమునుండి సంఘము ఇట్లు చదువుచునే యున్నది. అయితే 366 దినములు ఇట్లే చదివినవానికి నేల నేలగాను, నీరు నీరుగాను బైబిలులో కనబడుట మానును.

గ్రంథ నామమును స్ఫురింపజేయు యెషయా 35వ అధ్యాయమును దాని స్థానములో ఉంచి చదివినయెడల ఈ సంగతి స్పష్టమగును. దానికి ముందున్న 34వ అధ్యాయములో ఎదోము వాగులు కీలుగా, అనగా తారువంటి పదార్థముగా, మారుచున్నవి, నేల గంధకమగుచున్నది. ఆ తరువాతనే అరణ్యములో నీళ్లు. చెడిన నీటిని చూచిన ప్రవక్తయే మంచి నీటిని వాగ్దానము చేయుచున్నాడు. పటాన్‌చెరు విశ్వాసికి ఇది అలంకారము కాదు. 1970లనుండి ఇక్కడ పెరిగిన పరిశ్రమల వ్యర్థజలములు నక్కవాగు గుండా మంజీరలోనికి పోయినవి. బోరుబావులు, పొలములు చెడినవి. 1990లో ఈ విషయమై సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. 2007లో ప్రచురితమైన స్వీడను పరిశోధకుల వ్యాసము ప్రకారము, ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రమునుండి వెలుపలికి వచ్చు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో ఉండు దానికంటె అది ఎక్కువ. ఈ వాగు ప్రక్కన నివసించు రైతు 'సెలయేర్లు' అను మాట చదివి తన హృదయములోని ఓదార్పును మాత్రమే తలంచినయెడల, యెషయా చెప్పినదానిలో సగము అతనికి అందలేదు.

బాధ విషయము ఇంకను తీవ్రమైనది. కొలిమిలో శుద్ధియగు లోహము ఈ పుస్తకమునకు ఇష్టమైన పోలిక. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడులో నలుబదిమందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో అనేకులు ఒడిశా, బీహారు మొదలగు రాష్ట్రములనుండి కూలికి వచ్చినవారు. అట్టి ఇంట కొలిమి పేజీ తీసి చదువగలమా? కౌమన్ గారి గదిలో రోగమునకు బాధ్యుడైన మనుష్యుడు లేడు. ఇక్కడ యంత్రమునకు, దానిని చూచుకొనవలసినవానికి, తనిఖీ చేయవలసినవానికి లెక్క ఉన్నది. ఆ లెక్క అడుగకముందే ఇది దేవుని శిక్షణయని చెప్పువాడు యోబు స్నేహితుల వరుసలో చేరును.

మన మెదక్ అధ్యక్ష మండలము జ్ఞాపకములోనే వేరొక మాదిరి ఉన్నది. చార్లెస్ కౌమన్ మరణించిన 1924లోనే, డిసెంబరు 25న, మెదక్ చర్చి ప్రతిష్ఠింపబడినది. కరవులో ఆకలిగొన్నవారికి పని, తిండి దొరుకుటకై పోస్నెట్ దొరగారు ఆ కట్టడమును చేపట్టిరని మన పెద్దలు చెప్పుదురు. వారును ప్రార్థనాపరులే. కరవును ఓర్చుకొనుమని మాత్రము చెప్పి ఊరకుండలేదు.

పుస్తకమును ప్రక్కన పెట్టుడని మా సలహా కాదు. దానికి తోడు చదువు కావలెను. రోజు పేజీ చదివిన తరువాత ఆ వచనమున్న అధ్యాయమంతయు బైబిలులో చదువుట మొదటిది. పది నిమిషములు చాలును. 13, 44, 88 కీర్తనలవంటి మొఱ్ఱ కీర్తనలను, హబక్కూకు మొదటి రెండు అధ్యాయములను, యాకోబు 5:4ను ఇంటి ప్రార్థనలో వాడుట రెండవది. దేవుని ప్రశ్నించుట అవిశ్వాసమని మన ప్రజలలో చాలమంది అనుకొనుచున్నారు. ఆ భయమును తీసివేయవలసినది కాపరియే. వేదాంత విద్యార్థులు ఈ పుస్తకమునుండి ప్రసంగాంశము ఎత్తుకొనునప్పుడు, ఆ మాట ఎవరిది, ఏ బాధలో పలికినదని కనుగొని సంఘమునకు చెప్పినను ఎంతో మేలు. మాథెసన్ చూపులేనివాడని తెలిసి చదివినవానికి ఆయన చీకటిని గూర్చి చెప్పుమాట వేరుగా వినబడును.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనము పంచు వాగ్దాన కార్డులకు కూడ ఇదే వర్తించును. ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయపు వాగ్దానమును ముద్రించువారు అదే గ్రంథము 24:14-15ను, సూర్యుడు అస్తమింపకమునుపే కూలివానికి కూలి ఇయ్యవలెనను ఆజ్ఞను, కార్డు వెనుకవైపున వేయించవచ్చును. కాంట్రాక్టరునుండి రెండు నెలల జీతము రావలసినవారు ఆ రాత్రి మన బల్లలమీద కూర్చుండియుందురు.