డిఫాల్ట్ చెప్పే అబద్ధం

ఈ వారం చిరాకు తెప్పించింది ఒక అపార్ట్‌మెంట్ వర్కింగ్ డ్రాయింగ్. ఎవరిదన్నది అనవసరం, ఇలాంటివి ఊరూరా ఉన్నాయి. మెట్లకి అటొక ఫ్లాటు, ఇటొక ఫ్లాటు. ఒకటి గీసి రెండోది మిర్రర్ కొట్టారు. ఆ రెండో ఫ్లాటులో ప్రతి తలుపు పక్కనా ఉన్న ‘డి1’ అనే గుర్తు అద్దంలో చూసినట్టు తిరగబడింది. తలుపు బొమ్మనీ దాని పేరునీ కలిపి బ్లాక్ చేసి, పేరుని మామూలు టెక్స్ట్‌గా వదిలేస్తే జరిగేది ఇదే. ఆటోక్యాడ్‌లో మిర్‌టెక్స్ట్ విలువ 0 పెడితే విడిగా ఉన్న అక్షరాలు తిరగబడవు కానీ, బ్లాక్ లోపల ఉన్న మామూలు టెక్స్ట్‌కి ఆ రక్షణ లేదు. అదే పేరుని అట్రిబ్యూట్‌గా పెట్టి ఉంటే చక్కగా చదవడానికి వీలుగా నిలబడేది. ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా పాత పాట తెలుసు: డ్రాయింగులో రాసిన ప్రతి అక్షరమూ లెక్కకి అందాలి, అందని అక్షరం గోడమీద రాతతో సమానం. ఈ తిరగబడ్డ తలుపులు చూశాక ఆ పాట ఇంకోసారి ఎత్తుకోవాలనిపించడం సహజమే.

ఎత్తుకునే ముందు, అట్రిబ్యూట్ ఎందుకు పుట్టిందో చూడాలి. ఇవాన్ సదర్లాండ్ 1963లో ఎంఐటీకి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలోని స్కెచ్‌ప్యాడ్ అనే డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లోనే మూల బొమ్మ, దాని ప్రతులు అనే ఏర్పాటు ఉంది. మూలాన్ని దిద్దితే ప్రతులన్నీ వాటంతటవే మారతాయి. ఇదే పద్ధతిలో నడిచే బ్లాక్ బలమంతా ఈ ఒకేలా ఉండటంలోనే ఉంది. కానీ కట్టడంలో రెండు తలుపులు ఒకేలా కనిపించినా ఒకటి కావు. ఒకటి వంటింటిది, ఇంకొకటి పడగ్గదిది, నంబర్లు వేరు, తాళాలు వేరు. ఆ తేడాని మోయడానికే అట్రిబ్యూట్. ట్యాగ్, ప్రాంప్ట్, డిఫాల్ట్ అని దానికి మూడు గడులు. ట్యాగ్ కంప్యూటర్‌కి, ప్రాంప్ట్ మనిషికి, డిఫాల్ట్ తొందరలో ఉన్నవాడికి. నింపిన విలువ మూలంలో కాక ఆ ఒక్క ప్రతి దగ్గరే ఉంటుంది. చాలామంది విసుక్కునే చేష్టలకి కారణం ఇదే. బ్లాక్‌కి కొత్త అట్రిబ్యూట్ చేర్చినా, అట్‌సింక్ నడిపేదాకా, ముందే పెట్టిన తలుపుల్లో అది కనిపించదు. బ్లాక్‌ని ఎక్స్‌ప్లోడ్ చేస్తే మనం నింపిన ‘104’ అనే తలుపు నంబరు పోయి దాని చోట ట్యాగ్ పేరు బయటపడుతుంది. విలువ అక్షరాలుగా మిగలాలంటే బర్స్ట్ వాడాలి.

ఇంత బాగుంటే అన్నీ అందులోనే పెడదామన్నది తర్వాతి ఆలోచన. వెడల్పు, ఎత్తు, కలప, మడత బందులు, తాళం, గడియ, రంగు, గది పేరు పెట్టేసి డేటా ఎక్స్‌ట్రాక్షన్ నడిపితే తలుపుల పట్టిక దానంతటదే వచ్చేస్తుంది. కాగితం మీద ఇది తిరుగులేని వాదన. కుర్చీలో కూర్చున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. రాత్రికి షీట్లు పంపాల్సిన డ్రాఫ్ట్స్‌మన్ ఒక తలుపు పెట్టగానే ఎనిమిది ప్రశ్నలు వరసగా వస్తాయి. మొదటి రెండు తలుపులకీ చదివి జవాబిస్తాడు. మూడోదాని నుంచి ఎంటర్, ఎంటర్, ఎంటర్. బాత్‌రూమ్‌కి 750 మిల్లీమీటర్ల తలుపు కావాల్సిన చోట డిఫాల్ట్‌గా ఉన్న 900 అలాగే ఉండిపోతుంది, ఫ్లష్ డోర్ పెట్టాల్సిన చోట టేకు వచ్చి కూర్చుంటుంది. చేత్తో రాసిన తప్పయితే ఎవరో ఒకరి కంటికి ఆనుతుంది. పట్టికలో వరసగా అచ్చయిన తప్పుని మేస్త్రీ కూడా అనుమానించడు, కంప్యూటర్ తీసిన లెక్క కదా! తేడాని మోయడానికి పుట్టినది చివరికి అన్ని తలుపులకీ ఒకే మాట అంటగడుతుంది.

క్రమశిక్షణ నేర్పితే సరిపోతుందంటారు. వెరిఫై మోడ్ ఉండనే ఉంది, కమాండ్ లైన్‌లో మళ్ళీ ఒకసారి అడుగుతుంది. చదవకుండా ఒకసారి ఎంటర్ కొట్టినవాడు రెండోసారీ కొడతాడు. ప్రశ్నలన్నీ ఒకే డైలాగ్ బాక్స్‌లో చూపిస్తే ఎనిమిది ఎంటర్ల బదులు ఒక ఓకే. బిమ్ వచ్చాక ఈ గొడవ ఎందుకనేవాళ్ళూ ఉన్నారు. బిమ్ సాఫ్ట్‌వేర్ అయిన రెవిట్‌లోనూ రకానికి చెందిన పారామీటర్ వేరు, ఒక్కొక్క ప్రతికి చెందినది వేరు. ఏది ఎక్కడ పెట్టాలో తేల్చుకోనివాడికి అక్కడా ఇదే తంటా. ఆరు తలుపుల ఇంటికి ఇంత హడావుడి దేనికన్నది మాత్రం గట్టి అభ్యంతరమే. ఆ ఇంట్లో చూసి రాసిన మామూలు టెక్స్ట్, చూడకుండా నింపిన అట్రిబ్యూట్ కన్నా నిజాయితీ గలది. నా పాత పాటకి ఇది ఎదురు మాటే, అయినా ఒప్పుకోక తప్పదు. లెక్కకి అందడం కన్నా నిజం కావడం ముందు.

కాబట్టి తప్పు ఎంటర్ కొట్టినవాడిది కాదు, ఎనిమిది ప్రశ్నలు పెట్టి బ్లాక్ చేసినవాడిది. ఒక రకం తలుపుకి ఒక బ్లాక్ చేస్తే, ఆ రకానికంతటికీ ఒకటే అయిన వెడల్పు, ఎత్తులని కాన్‌స్టంట్‌గా, ఇన్‌విజిబుల్‌గా పెట్టాలి. ఎవరినీ అడగదు, కనిపించదు కాబట్టి మిర్రర్ బెడదా లేదు, బ్లాక్‌ని మళ్ళీ నిర్వచిస్తే అన్నిచోట్లా మారుతుంది. ‘డి1’ గుర్తుని ప్రీసెట్ చేయాలి, అంటే అడగకుండా డిఫాల్ట్‌నే తీసుకోవాలి. అక్కడ డిఫాల్ట్ చెప్పేది నిజమే. కాన్‌స్టంట్ చేస్తే మాత్రం అది కూడా మామూలు టెక్స్ట్‌లాగే తిరగబడుతుంది. తలుపు నంబరు, తాళం లాంటి ఒకటి రెండు మాత్రమే మనిషిని అడగాలి, వాటి డిఫాల్ట్ నమ్మబుద్ధేసే విలువ కాకూడదు, ‘??’ అని ఉండాలి. అచ్చులో ‘??’ కనిపిస్తే సైటు నుంచి ఫోన్ వస్తుంది. దాని బదులు 900 కనిపిస్తే ఫోన్ రాదు, తలుపే వస్తుంది.