చేపిన ఆవు

అనువాదవృత్తిలో ఇరువదేండ్లు గడిపిన పిదప నన్ను నగుబాటు పాలుచేసిన మాట యేదో మహాకావ్యములోని జటిలసమాసము కాదు. ఆంగ్లేయ బాలకులు సైతము దినమునకు పదిమారులు పలుకు ‘లెట్ డౌన్’. పాడిపశువుల పోషణమును గూర్చిన చిన్న పుస్తకమును తెనిగించుచు, దూడ మూతి తగిలినంతనే ఆవు ‘లెట్ డౌన్’ చేయునని యుండగా, నిఘంటువులో తొలుత కనబడిన యర్థమునే నమ్మి, ఆవు నిరాశపరచునని వ్రాసితిని. పుస్తకము అచ్చయిన పిదప ఆ పుట చదివి వినిపింపగా మా పాలేరు తెల్లబోయి, "బాబుగారూ, దూడని వదిలితే ఆవు చేపుద్ది గానండీ, నిరాశపరచడమేంటండీ?" అన్నాడు.

చేపుట, అనగా ఆవు పొదుగునకు పాలు దించుట! పుట్టినది మొదలు మా పశువులశాలలో వినుచున్న యా మాట, కలము పట్టిన వేళ నాకు స్ఫురింపనే లేదు.

ఆంగ్లములో ‘లెట్ డౌన్’ అర్థములన్నిటికిని మూలము దించుట యను ఒక్క భావమే. విమానము నేలకు దిగివచ్చుటయు, చక్రములోని గాలి తీయుటయు, ఎదుగు పిల్ల పావడా అంచు మడత విప్పి పొడవు చేయుటయు (ఇందు నిరాశ యెక్కడిది?), నమ్మినవానిని నట్టేట విడుచుటయు ఆ మాటలోనే యిమిడినవి. పాల విషయమున దించుట ఆవు చేతిలోనిది కాదు. మెదడు నంటియున్న పీయూషగ్రంథి నుండి ఆక్సిటోసిన్ అను ద్రవ్యము నెత్తుటిలో వెడలి, పొదుగులోని సూక్ష్మకణములను ముడుచుకొనజేసినగాని పాలు పూర్తిగా దిగవు. 1941లో ఈలీ, పీటర్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఆవు వీపున పిల్లిని ఉంచి, రెండు నిమిషముల పాటు పది సెకండ్లకొక కాగితపు సంచిని ప్రేల్చి, బెదరిన ఆవు పాలు బిగబట్టునని చూపిరి. తరువాత పిల్లి అనవసరమని దానిని మానివేసిరట. ఆ పిల్లిని తలచుకొన్నప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును. వారు ప్రయోగముచే సాధించిన ఆ స్థితికి మన పల్లెలలో ఎగచేపుట యను పేరు ముందే కలదు.

ఆవు ‘లెట్ డౌన్’ చేయనినాడే పిదుకువాడు ‘లెట్ డౌన్’ అగుననుట ఆంగ్లేయునకు చమత్కారము. తెలుగువానికి అవి రెండు వేర్వేరు మాటలు, నడుమ ఖాళీచెంబు.

ఆ పుస్తకపు తొలికూర్పు ఎవరియొద్దనైన నున్నచో, ఇరువదిమూడవ పుటలో ‘నిరాశపరచును’ అన్నచోట ‘చేపును’ అని దిద్దుకొన ప్రార్థన.