నేల మీది చూపు, గేటు దగ్గరి ఓర్పు

గేటు వదిలిన విమానం గాల్లోకి లేచేదాకా నేల మీద గడిపే సమయమే ట్యాక్సీ టైమ్. అమెరికాలోని పెద్ద విమానాశ్రయాల్లో రద్దీ వేళ ఇందులో చాలా భాగం రన్‌వే ముందు వరుసలో నిలబడటానికే పోతుంది. అంతసేపూ ఇంజన్లు ఇంధనం తాగుతూనే ఉంటాయి. ఈ వృథాను తగ్గించడానికి దారి చూపిన పరికరం ఒకటుంది. దాని నిర్మాణం ఎంత మెచ్చదగినదో, దాన్ని వాడుకున్న తీరూ అంతే మెచ్చదగినది.

దాని పేరు ఏఎస్‌డీఈ-ఎక్స్. సిరక్యూస్‌లోని సెన్సిస్ సంస్థ తయారుచేసింది. 2003లో మిల్వాకీలో మొదలై, 2011 నాటికి 35 విమానాశ్రయాలకు చేరింది. పాత నేల రాడార్ తెర మీద విమానం పేరులేని మచ్చ మాత్రమే. జోరువానలో ఆ మచ్చ కూడా మసకబారేది. భవనం అడ్డొస్తే కనిపించేదే కాదు. ఏఎస్‌డీఈ-ఎక్స్ చూడటంతో ఆగదు, వింటుంది కూడా. విమానంలోని ట్రాన్స్‌పాండర్ పంపే సంకేతం ఆవరణలో అక్కడక్కడా నిలిపిన రిసీవర్లలో దగ్గరిదానికి ముందు, దూరపుదానికి తర్వాత అందుతుంది. ఆ తేడాలను బట్టి విమానం ఎక్కడుందో లెక్కకడుతుంది. సెకనును కోటి భాగాలు చేస్తే, ఒక్క భాగంలోనే రేడియో తరంగం 30 మీటర్లు దాటిపోతుంది. రిసీవర్ల గడియారాలు అంతకన్నా సూక్ష్మంగా కలిసి నడవకపోతే పక్క ట్యాక్సీవే మీద ఉన్న విమానం ఇక్కడున్నట్టు కనిపిస్తుంది. ఈ లెక్కకు రాడార్ చూపును, విమానం తానే ప్రసారం చేసే స్థానాన్ని, ఫ్లైట్ ప్లాన్‌ను జోడించి, సెకనుకోసారి సరిచూసి, ప్రతి విమానాన్నీ పేరుతో సహా కంట్రోలర్ ముందు ఉంచుతుంది.

దీన్ని కట్టింది రన్‌వేల మీద ప్రమాదాలు ఆపడానికి. అయితే సెకను సెకనుకూ నమోదైన ఆ జాడల్లో ఏ విమానం ఎక్కడ, ఎంతసేపు ఆగిందో కూడా పోగుపడింది. కదిలే విమానాల సంఖ్య ఒక హద్దు దాటాక, ఇంకెన్నిటిని గేటు నుంచి వదిలినా టేకాఫ్‌లు పెరగవు, వరుసే పెరుగుతుంది. ఈ సంగతిని ఆధారం చేసుకుని ఎంఐటీలో హంస బాలకృష్ణన్ బృందం 2010లో బోస్టన్ లోగన్ విమానాశ్రయంలో ఒక ప్రయోగం చేసింది. ఏ విమానాన్ని ఏ సెకనులో వదలాలో కంట్రోలర్‌కు ఆజ్ఞలివ్వలేదు. రాబోయే పావుగంటలో ఏ జోరుతో వదలవచ్చో రంగుల కార్డు మీద చూపారు, అంతే. మాటలతో పనిలేదు, అలవాటైన పని తీరు మారలేదు. టవర్‌లో మనిషి మనసు మీద ఎంత బరువుంటుందో తెలిసినవాళ్లు మాత్రమే ఇంత పొదుపుగా ఆలోచించగలరు.

తిరుమలలో టైమ్‌స్లాట్ టోకెన్ తీసుకున్న భక్తుడు గంటల తరబడి క్యూలో నిలబడకుండానే తన వంతుకు వెళ్లినట్టు, ఇక్కడ విమానం ఇంజన్లు ఆపుకుని గేటు దగ్గరే ఆగింది. సగటు ఆగుడు నాలుగు నిమిషాల పైచిలుకు. నాలుగేసి గంటల చొప్పున 8 సార్లు జరిపిన ఆ పరీక్షలో మిగిలిన ఇంధనం 12 టన్నులకు పైనే అని అంచనా.

2017లో నాసా షార్లట్ విమానాశ్రయంలో ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకెళ్లింది. గేటు దగ్గర ఆపాలంటే విమానం నిజంగా ఎప్పుడు సిద్ధమవుతుందో తెలియాలి. అది ఏ రాడారూ చెప్పలేదు. సామాన్లు ఎక్కిస్తున్నవాళ్లు, ప్రయాణికులను పంపుతున్నవాళ్లు ఉన్న ఎయిర్‌లైన్స్‌కే తెలుసు. అందుకే విమానం గేటు వదలగల సమయాన్ని ఎయిర్‌లైన్స్ ముందుగా చెప్పే ఏర్పాటు చేశారు. నేల నిఘా సమాచారంతో దాన్ని కలిపి టవర్‌నూ, ఎయిర్‌లైన్స్‌నూ ఒకే లెక్క మీద నడిపించారు. 2021 నాటికి అక్కడ ఆదా అయిన ఇంధనం 10 లక్షల గ్యాలన్లు దాటింది.

రన్‌వే పొడవు పెరగలేదు, విమానం వేగమూ పెరగలేదు. విమానం ఎక్కడుందో పరికరం చెప్పింది, ఎప్పుడు కదలగలదో మనుషులు దాపరికం లేకుండా చెప్పారు. ట్యాక్సీ టైమ్‌ను తగ్గించింది ఈ రెంటి కలయికే.