తెగని ధారకు ముడి

కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మనవాళ్లకు, అంటే రాజంపేట, రాయచోటి, కోనసీమ వైపుల నుంచి వెళ్లినవాళ్లకు, పొద్దున్నే చేతికి తగిలే వస్తువుల్లో సాసేజ్ ఒకటి. పిల్లలు బడికి బయల్దేరేలోపు సమూన్ రొట్టెను నిలువునా చీల్చి, పెనం మీద దొర్లించిన సాసేజ్‌లు అందులో పెట్టి, కెచప్ వేసి కాగితంలో చుట్టి ఇవ్వాలి. జమియా అనే సహకార దుకాణం నుంచి తెచ్చిన ప్యాకెట్‌లో అన్నీ ఒకే పొడవు, ఒకే లావు, ఒకే బరువు. మాంసంతో చేసిన వస్తువు అంత సమానంగా ఉండటం మామూలు సంగతేమీ కాదు.

కైమాను గొట్టంలోంచి తోయడం పెద్ద విద్య కాదు. జంతికల గొట్టం తిప్పిన ఎవరికైనా సగం పని వచ్చేసినట్టే. కాకపోతే జంతిక ఎక్కడ తెగినా బాధ లేదు, నూనెలో పడగానే గట్టిపడుతుంది. సాసేజ్‌లో లోపల ఉన్నది పచ్చి ముద్ద, పైన పల్చటి తొడుగు. ధార వస్తూనే ఉంటుంది. దాన్ని ముక్కలుగా విడదీయాలి, ఏ ముక్క కొసా కారకూడదు, తొడుగు చిట్లకూడదు. నేర్పంతా అక్కడ కావాలి.

కువైట్‌లోని లెబనాన్ హోటళ్లలో మఖానిఖ్ అని చిన్న సాసేజ్‌లు పెడతారు. వేలిలో రెండు కణుపులంత ఉంటాయి. గొర్రె మాంసమో గొడ్డు మాంసమో, దానికి తగినంత కొవ్వు, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, ధనియాలు, కొన్నిచోట్ల చిల్గోజా పలుకులు. వేయించి, నిమ్మరసమో చిక్కటి దానిమ్మ పులుసో పోసి వేడివేడిగా ఇస్తారు. లెబనాన్‌లో కొందరు ఇందులో వైన్ కలుపుతారు. కువైట్‌లో మద్యం నిషేధం కాబట్టి ఇక్కడ ఆ మాటే లేదు.

పాత పద్ధతిలో తొడుగు గొర్రె చిన్నపేగు. మన బోటీ కూరలో పేగును మొత్తంగా తింటాం. ఇక్కడ లోపలి పొరనూ బయటి కండనూ గీకి పారేసి, మధ్యలోని పల్చటి పొర ఒక్కదాన్నే ఉంచుకుంటారు. దాన్ని ఉప్పులో నిల్వ చేసి, వాడే ముందు నీళ్లలో నానబెడతారు. చూడటానికి తడి దారం పోగులా ఉంటుంది గానీ, ఊదితే రెండు సెంటీమీటర్ల వెడల్పు గొట్టమవుతుంది. ఆ పేగు పొడవంతా గరాటు మూతికి ముడతలు ముడతలుగా ఎక్కించి, వెనక నుంచి కైమా తోస్తారు.

నింపేటప్పుడు కొత్తవాళ్లు చేసే తప్పు బిగుతుగా నింపడం. నిండుగా ఉంటేనే బాగుంటుందనిపిస్తుంది. కానీ మెలిపెట్టే చోట ఉన్న కైమా ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. పక్కన ఖాళీ లేకపోతే తొడుగు పగులుతుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు కాస్త వదులుగానే నింపుతారు. ఎంత వదులు అనేది ఎడమచేతి రెండు వేళ్లకే తెలుస్తుంది, ఆ వేళ్లే గరాటు మూతి దగ్గర తొడుగును నొక్కిపట్టి ఉంచుతాయి. పట్టు గట్టిగా ఉంటే ముక్క నిండుగా వస్తుంది, వదిలితే సన్నబడుతుంది.

తర్వాత ముడి. బల్ల మీద చుట్టగా పడిన పొడవాటి సాసేజ్‌ను తీసుకుని, మూడు వేళ్ల మేర కొలిచి నొక్కుతారు. ఇంకో మూడు వేళ్లు వదిలి మళ్లీ నొక్కుతారు. ఇప్పుడు రెండు నొక్కుల మధ్య ఉన్న ముక్కను మాత్రమే పట్టుకుని మూడు నాలుగు చుట్లు తిప్పుతారు. ఒక్క తిప్పుతో అటూ ఇటూ రెండు ముళ్లూ పడిపోతాయి. పక్క ముక్కను ముట్టుకోరు, దాని తర్వాతిదాన్ని తిప్పుతారు. అంటే తిప్పేది సగం ముక్కలనే. వరసగా అన్నింటినీ ఒకే వైపు తిప్పితే, ఈ ముడి వేసేటప్పుడు వెనకటి ముడి విడిపోతుంది. ఈ కిటుకు ఎవరు కనిపెట్టారో గానీ, ఇంత తక్కువ శ్రమతో ఇంత పని జరిగే విద్యలు వంటింట్లో ఎక్కువ లేవు.

అయితే వేళ్లతో కొలిస్తే వచ్చేది సమానమైన పొడవు మాత్రమే. పేగు అంతా ఒకే లావు ఉండదు. ఒకచోట 20 మిల్లీమీటర్లు, మరోచోట 22 ఉందనుకుందాం. కంటికి ఆ తేడా ఆనదు. లెక్క వేస్తే అదే పొడవు ముక్కలో 21 శాతం ఎక్కువ మాంసం పడుతుంది. పొడవు సమానం చేస్తే బరువు తప్పుతుంది, బరువు సమానం చేస్తే పొడవు తప్పుతుంది. పళ్లెంలో వడ్డించేవాడికి కన్ను ముఖ్యం, ప్యాకెట్ అమ్మేవాడికి తూకం ముఖ్యం.

సాసేజ్‌లో మోసం కూడా పాతదే. తొడుగు లోపల ఏముందో ఎవరికీ కనపడదు. 12వ శతాబ్దంలో సిరియాలో అల్-షైజరీ అనే ఆయన బజారు తనిఖీ అధికారుల కోసం ఒక పుస్తకం రాశాడు. ముహ్తసిబ్ అనే ఆ అధికారి కూర్చునే చోటుకు దగ్గరలోనే సాసేజ్ చేసేవాళ్లు దుకాణం పెట్టుకోవాలని అందులో సలహా ఇచ్చాడు. వీళ్లు కలిపే కల్తీ అన్ని రకాలుగా ఉంటుందట! కువైట్‌లో ఇప్పుడు ఆ బాధ్యత 2013 నాటి చట్టంతో ఏర్పడిన ఆహార, పోషకాహార సంస్థది.

ఇక యంత్రం. కువైట్‌లో మొదటి సహకార దుకాణం 1962లో కైఫాన్ పేటలో తెరిచారు. ఆ తర్వాత పేటకో జమియా వచ్చింది. 1960ల్లో కువైట్‌లోనే పుట్టిన అమెరికానా సంస్థ 1973లో కెంటకీ చికెన్ దుకాణాన్ని తెచ్చింది, తన పేరుతో గడ్డకట్టిన మాంసపు సరుకులూ అమ్మింది. ఫ్రీజర్లు ఇన్ని ఉన్న ఊళ్లో వేళ్ల కొలత సరిపోదు.

జర్మనీలో బీబెరాక్ ఊరి హాంట్‌మన్, వెర్డెన్ ఊరి వెమాగ్ కంపెనీలు సాసేజ్ నింపే యంత్రాలకు పేరుమోసినవి. ఒక రకంలో గుండ్రటి పెట్టెలో తిరిగే రెక్కలుంటాయి. రెక్కకూ రెక్కకూ మధ్య గది కొలత స్థిరం కాబట్టి, ఎంత తిరిగితే ఎంత కైమా బయటికి వస్తుందో ముందే తెలుసు. ఇంకో రకంలో జంట మరలు తోస్తాయి. కైమాలోని గాలిని ముందే పీల్చేస్తారు, లేకపోతే గాలి బుడగ కూడా మాంసం కింద లెక్కకొస్తుంది. ఒక ముక్కకు సరిపడా తోసి ధార ఆగుతుంది, గొట్టం తొడుగుతో సహా గిర్రున రెండు మూడు చుట్లు తిరుగుతుంది, మళ్లీ ధార. ఎడమచేతి రెండు వేళ్ల పని గొట్టం మూతి దగ్గరి రబ్బరు వలయం చేస్తుంది.

ఆగి ఆగి వెళ్లే ఈ పద్ధతి కూడా కొందరికి నెమ్మదనిపించింది. అమెరికాలో అయొవా రాష్ట్రం డెమోయిన్ నగరానికి చెందిన రే టౌన్‌సెండ్ 1960ల్లో ఫ్రాంక్-ఎ-మాటిక్ అనే యంత్రం తెచ్చాడు. అందులో ధార ఆగదు. తొడుగు నిరంతరం ఒకే వైపు తిరుగుతూ ఉంటుంది, ఎదురుగా గొలుసుల మీద పరిగెత్తే పట్లు సమానమైన ఎడంలో దాన్ని నొక్కుతాయి. ఒకే వైపు తిప్పితే వెనకటి ముడి విడిపోవాలి కదా? ముందుకు పోయిన ముక్కలను ఆ పట్లు కదలనివ్వవు, అందుకే విడిపోదు. చెయ్యి ఒకటి వదిలి ఒకటి తిప్పి దాటిన చిక్కును, యంత్రం పట్టు వదలకుండా దాటింది.

వేగం పెరిగితే రాపిడి, రాపిడితో వేడి. కొవ్వు మెత్తబడితే కైమాలో నిలవకుండా తొడుగు లోపల పూతలా అంటుకుంటుంది, వేయించగానే కారిపోతుంది. అందుకే ముద్దను గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంచి నింపుతారు. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. అలాంటి దేశంలో సాసేజ్ ఖర్చులో చలికి పెట్టేది తక్కువేమీ ఉండదు.

పొడవు, బరువుల తగాదాను చివరికి తీర్చింది మాత్రం తొడుగే. 1925లో షికాగోలో అర్విన్ ఫ్రాయిండ్ పెట్టిన విస్కింగ్ కంపెనీ మొక్కల నారతో అంతటా ఒకే లావు తొడుగులు చేసింది. సాసేజ్ ఉడికాక వాటిని ఒలిచి పారేస్తారు. తర్వాత పశువుల చర్మం నుంచి తీసే కొల్లాజెన్ తొడుగులు వచ్చాయి, వాటిని తినొచ్చు. పంది మాంసం నిషిద్ధమైన కువైట్ లాంటి చోట ఆ చర్మం ఏ జంతువుదో, ఎలా కోశారో అడగక తప్పదు. మూడో దారి సముద్రపు నాచు. కైమా ధార చుట్టూ ఆల్జినేట్ జిగురును సన్నటి పొరగా వదిలి, కాల్షియం కలిపిన నీళ్లు తగిలిస్తే క్షణాల్లో తొడుగై బిగుస్తుంది. జంతువు ప్రసక్తే లేదు. ఇక్కడ మెలి కూడా అక్కర్లేదు, ధార చుట్టూ మూసుకునే పట్లు కైమాను పక్కకు నెట్టి కొసలను గుండ్రంగా నొక్కేస్తాయి.

ఏది ఏ రకమో జమియాలోనే పోల్చుకోవచ్చు. గొర్రెపేగు సాసేజ్ కొంచెం వంగి ఉంటుంది, పేగు ఒక అంచు రెండోదానికన్నా పొట్టి కాబట్టి. కొసన చిన్న మెలి తోక కనిపిస్తుంది. నిటారుగా, నున్నగా, పైన తొడుగే లేకుండా ఉన్నది ఒలిచినది. పెనం మీద పేగుది పటపటలాడి కొరికితే టప్పుమంటుంది, ఒలిచినది చప్పుడు లేకుండా ఎర్రబడుతుంది. నా ఓటు వంకరదానికే, తూకం కొంచెం అటూ ఇటూ అయినా. బడికి పోయే పిల్లల సమూన్‌లో మాత్రం నిటారుదే చక్కగా ఇముడుతుంది.