కృత్రిమ మేధ కాపలా: 99 శాతం అంటే ఎంత?

2024 జూలై 31న మన దేశంలో కొన్ని చిన్న బ్యాంకుల ఖాతాదారులకు విచిత్రమైన ఇబ్బంది ఎదురయింది. ఖాతాలో డబ్బుంది, యూపీఐతో చెల్లిద్దామంటే వెళ్లదు. లోపం ఆ బ్యాంకుల్లో లేదు. సహకార బ్యాంకులకు, ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులకు కంప్యూటర్ సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే కంపెనీ వ్యవస్థల మీద రాన్‌సమ్‌వేర్ దాడి జరిగిందన్న అనుమానం వచ్చింది. దాంతో జాతీయ చెల్లింపుల కార్పొరేషన్ ఆ కంపెనీని చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరు చేసింది. మర్నాటికి మళ్లీ కలిపింది. ఇబ్బంది పడినవి సుమారు 300 బ్యాంకులని వార్తలొచ్చాయి.

రాన్‌సమ్‌వేర్ అంటే మన ఫైళ్లకు రహస్య సంకేతాలతో తాళం వేసి, తాళం తీయడానికి డబ్బు అడిగే ప్రోగ్రాం. ఒక్క కంపెనీకి దెబ్బ తగిలితే 300 బ్యాంకులు ఎందుకు ఆగిపోవాలి? చిన్న సంస్థలు సొంత కంప్యూటర్ ఇంజనీర్లను పెట్టుకోలేవు. ఆ బాధ్యతను బయటి కంపెనీకి అప్పగిస్తాయి. ఆ కంపెనీ ఎక్కడో నగరంలో కూర్చుని వందల సంస్థల కంప్యూటర్లను దూరం నుంచే చూసుకుంటుంది. ఇలాంటి కంపెనీలను మేనేజ్డ్ సర్వీస్ ప్రొవైడర్లు అంటారు. మనం నిర్వహణ సంస్థలు అందాం. అన్ని ఇళ్ల తాళంచెవులూ ఒకే కాపలాదారు దగ్గర ఉన్నట్టు లెక్క. దొంగకు అంతకన్నా ఏం కావాలి?

ఈ ప్రమాదానికి విరుగుడుగా ఇప్పుడు వినిపిస్తున్న మంత్రం కృత్రిమ మేధ. యంత్రం రాత్రింబవళ్లు కాపలా కాస్తుందని, దాడుల్ని 99 శాతం కచ్చితంగా పట్టేస్తుందని ప్రచారం. ఇలాంటి మాట ఎక్కడ కనబడినా మూడు ప్రశ్నలు వేసి చూడండి.

దేనిలో 99 శాతం?

ఒక నిర్వహణ సంస్థ రోజుకు 8 లక్షల సంఘటనలను గమనిస్తుందనుకుందాం. ఎవరో లాగిన్ కావడం, ఫైలు తెరవడం, ఈమెయిలు రావడం ఇవన్నీ సంఘటనలే. వాటిలో నిజంగా దాడికి సంబంధించినవి 8 మాత్రమే. మన యంత్రం దాడిని దాడిగా 99 శాతం గుర్తిస్తుంది. మామూలు సంఘటనను దాడి అని పొరబడేది 1 శాతమే. బాగానే ఉంది కదా?

లెక్క కట్టండి. ఆ 8 దాడులూ దాదాపుగా దొరుకుతాయి. మిగిలిన వాటిలో 1 శాతం అంటే సుమారు 8,000 తప్పుడు హెచ్చరికలు! గంట వెయ్యిసార్లు మోగితే దొంగ ఉండేది ఒక్కసారే. ఒక్కో హెచ్చరికను చూడడానికి 5 నిమిషాలు పట్టినా రోజుకు 40,000 నిమిషాలు, అంటే 667 గంటలు. రోజుకు ఎనిమిది గంటలు పనిచేసేవాళ్లు ఎనభై మందికి పైగా కావాలి. అంతమందిని పెట్టుకోగలిగితే యంత్రం కొనడమెందుకు? చివరికి ఉన్న నలుగురూ విసిగిపోయి గంటను పట్టించుకోవడం మానేస్తారు. ‘నాన్నా పులి’ కథలో జరిగిందీ అదే.

ఇది కొత్త సంగతి కాదు. స్వీడన్‌కు చెందిన స్టెఫాన్ ఆక్సెల్సన్ 1999లోనే దీన్ని ఒక పరిశోధన పత్రంలో చూపాడు. ఆయన వాడినది మీరు ఇంటర్మీడియట్‌లో చదివే బేయ్స్ సిద్ధాంతమే. మోగిన రెండు గంటల్లో ఒకటైనా నిజం కావాలంటే మన ఉదాహరణలో పొరపాటు లక్షకు ఒకటికి తగ్గాలి. ప్రచార పత్రంలో వెతకవలసిన అంకె ఇది.

ఏ పాఠం చదువుకుంది?

యంత్రం పాత ఉదాహరణల నుంచి నేర్చుకుంటుంది. ఆ ఉదాహరణలు ఎలాంటివి? చొరబాట్లను గుర్తించే ప్రోగ్రాములను పరిశోధకులు చాలా ఏళ్లు ‘కేడీడీ కప్ 99’ అనే సమాచార రాశి మీద పరీక్షించారు. అమెరికా రక్షణ శాఖ నిధులతో 1998లో ఒక కృత్రిమ నెట్‌వర్క్‌లో నడిపిన దాడుల నుంచి దాన్ని తయారుచేశారు. అందులో సుమారు 49 లక్షల రికార్డులున్నాయి. 2009లో కొందరు పరిశోధకులు లెక్కపెట్టి చూస్తే అందులో సుమారు 78 శాతం ఒకే రికార్డు మళ్లీ మళ్లీ వచ్చినవే! గైడులోని ప్రశ్నలే పరీక్షలో వస్తే నూటికి తొంభైతొమ్మిది తెచ్చుకోవడం ఏం గొప్ప?

పైగా దొంగ పాఠ్యప్రణాళిక పాటించడు. కృత్రిమ మేధే తన బలమని చెప్పుకున్న సైలాన్స్ అనే యాంటీవైరస్‌ను 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేలిగ్గా బోల్తా కొట్టించారు. హానికరమైన ఫైలు చివర ఒక వీడియో గేమ్‌లోని అక్షరాల వరుసలను అతికించారు. యంత్రానికి ఆ గేమ్ మంచిదని తెలుసు. కాబట్టి ఫైలూ మంచిదే అనుకుంది.

ఎవరిని నమ్ముతుంది?

నిర్వహణ సంస్థల విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2021 జూలై 2న రెవిల్ అనే ముఠా, నిర్వహణ సంస్థలు వాడే కసేయా వీఎస్ఏ అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని వాడుకుంది. కసేయా చెప్పిన ప్రకారం నేరుగా దెబ్బతిన్న దాని ఖాతాదారులు 60 లోపే. వాళ్ల ద్వారా దెబ్బతిన్న వ్యాపారాలు 1,500 వరకు. స్వీడన్‌లో కోప్ అనే దుకాణాల సంస్థ సుమారు 800 దుకాణాలను మూసేసింది. బిల్లు వేసే యంత్రాలు పనిచేయలేదు మరి!

దాడి ప్రోగ్రాం ఎలా వచ్చింది? రోజూ మరమ్మతులు వచ్చే దారిలోనే, మరమ్మతు వేషంలోనే వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్లను యాంటీవైరస్ తనిఖీ నుంచి మినహాయించమని దాన్ని తయారుచేసినవాళ్లే ముందుగా సూచించి ఉన్నారు. వచ్చిన ప్రోగ్రాం మొదట విండోస్ రక్షణ ఏర్పాట్లను ఆపేసి, తర్వాత పని మొదలుపెట్టింది. కాపలాదారు ఎంత తెలివైనవాడైనా, ‘ఈ తలుపు వైపు చూడకు’ అని ముందే చెప్పిపెడితే ఏం చేస్తాడు? ఆ లోపం డచ్ పరిశోధకులు ముందే కనిపెట్టి కంపెనీకి చెప్పినదే. మరమ్మతు పూర్తయ్యేలోగా ముఠా వచ్చేసింది. ఇక్కడ కొరవడింది మేధ కాదు, సమయం.

అయితే కృత్రిమ మేధ పనికిరాదా?

అలా అనడం కూడా తప్పే. చెత్త ఈమెయిళ్లను వేరుచేయడం, ఒకే దాడికి సంబంధించిన వంద హెచ్చరికలను ఒక్కచోట చేర్చడం, అర్ధరాత్రి రెండింటికి ఎవరూ ఎప్పుడూ తెరవని ఫైలును ఎవరో తెరిస్తే చెప్పడం, ఇవి మనిషి కన్నా యంత్రమే వేగంగా చేయగలదు. అది మంచి జల్లెడ. జల్లెడను తాళంగా అమ్మడమే అభ్యంతరం.

తాళాలు వేరే ఉన్నాయి. పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ అడగడం, మరమ్మతులు ఆలస్యం చేయకపోవడం, ఫైళ్ల నకలును నెట్‌వర్క్‌కు దూరంగా దాచడం, ఒకే తాళంచెవితో అన్ని గదులూ తెరుచుకోకుండా చూడడం. ఇవేవీ ప్రకటనల్లో మెరవవు. దాడి జరిగితే 6 గంటల్లోగా చెప్పి తీరాలని మన దేశపు సెర్ట్-ఇన్ సంస్థ 2022లో ఆదేశించింది. ఆ కబురు పంపే బాధ్యత ఎవరో ఒక మనిషి మీదే ఉంటుంది.

మీలో చాలామంది రేపు ఇలాంటి సంస్థల్లోనే పనిచేస్తారు. కొందరు ఈ యంత్రాలను తయారుచేస్తారు కూడా. ఎవరైనా 99 శాతం అంటే వెంటనే చప్పట్లు కొట్టకండి. మిగిలిన ఆ ఒక్క శాతాన్ని రోజూ వచ్చే లక్షలతో గుణించి చూడండి. ఆ అంకె చూసిన తర్వాత కూడా కొట్టాలనిపిస్తే, అప్పుడు కొట్టండి.